గోవా రేసుకు వెళ్లేవారికి: ముందువారి చక్రానికి అతుక్కోకండి

పోయిన ఆదివారం ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్ మీద మా బృందంలో ఒకాయనకు కాలర్‌బోన్ విరిగింది. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా ఉండే పోటీ) రేసుకు ఇంకా నెలన్నర ఉంది. ముందు వెళ్తున్న మనిషి, కింద పడి ఉన్న నీళ్ల బాటిల్‌ను తప్పించడానికి జానెడు పక్కకు జరిగాడు. వెనకాయన ముందు చక్రం వెళ్లి ఆ సైకిల్ వెనక చక్రానికి రాసుకుంది. కిర్రుమని చిన్న చప్పుడు, అంతే. ముందాయన కాస్త తూలి సర్దుకున్నాడు. చక్రాలు రాసుకున్నప్పుడు పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. హ్యాండిల్ ఉన్న చక్రం చిక్కుకునేది అతనిదే కదా.

బాగా నిద్రపోండి, నీళ్లు తాగండి అని అందరూ చెబుతారు. నేను ఒక్కటే చెబుతాను: ఏరోబార్ (గాలికి వంగి తొక్కేందుకు హ్యాండిల్ ముందుకు ఉండే కడ్డీలు) మీద మోచేతులు ఆనించి మరొకరి చక్రం వెనక తొక్కకండి. ఆ భంగిమలో వేళ్లు గేర్ల దగ్గర ఉంటాయి, బ్రేకులు పక్క హ్యాండిల్ మీద ఉంటాయి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. చేయి బ్రేకు దగ్గరకు చేరేలోపే ఆ పది మీటర్లూ కరిగిపోతాయి. ఒలింపిక్స్‌లో గుంపుగా తొక్కుతున్నారు కదా అంటారు కొందరు. అక్కడ డ్రాఫ్టింగ్‌కు, అంటే గాలి తగలకుండా ముందువారి వెనకే దగ్గరగా తొక్కడానికి అనుమతి ఉంది, వారు వాడేవి చేతికందే బ్రేకులున్న రోడ్డు సైకిళ్లు. పైగా రోజూ అదే పనిగా సాధన చేసేవారు. మనం ఆఫీసు నుంచి వచ్చి తొక్కేవాళ్లం.

ఐరన్‌మ్యాన్ రేసుల్లో మనలాంటివారు ముందు సైకిల్‌కు ఉంచాల్సిన దూరం 12 మీటర్లు, అదీ వారి ముందు చక్రం అంచు నుంచి మన ముందు చక్రం అంచు వరకు. అంటే మధ్యలో మిగిలే ఖాళీ పది మీటర్లే. కంటితో కొలవలేరు. ముందువారు ఒక స్తంభం దాటగానే ‘వెయ్యిన్నొకటి’ అని నింపాదిగా అనుకోండి. ఆ మాట పూర్తికాకముందే మీరూ ఆ స్తంభం దగ్గర ఉంటే, మరీ దగ్గరగా ఉన్నట్టే. దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటేయాలి. మిమ్మల్ని ఎవరైనా దాటితే వెనక్కి తగ్గవలసింది మీరే. ఈతలో మాత్రం మరొకరి పాదాల వెనక హాయిగా ఈదవచ్చు, అది తప్పు కాదు.

ఇక ఏ రేసు ఎంచుకోవాలి అన్నది. 2023 జూన్‌లో జర్మనీలోని హాంబర్గ్ ఐరన్‌మ్యాన్ రేసులో ఫొటోగ్రాఫర్‌ను ఎక్కించుకున్న మోటార్‌సైకిల్, ఎదురుగా వస్తున్న పోటీదారును ఢీకొంది. మోటార్‌సైకిల్ నడిపిన వ్యక్తి చనిపోయాడు. అందుకే టైమింగ్ పట్టిక చూసే ముందు మ్యాప్ చూడండి: రోడ్డు వెడల్పెంత, ఎదురు సైకిళ్లు అదే రోడ్డు మీద వస్తాయా, యూ టర్నులు ఎన్ని, ఎన్ని లూపులు (అదే దారిలో తిరిగే చుట్లు). చదునైన రోడ్డు మీద లూపులు ఎక్కువైతే గుంపులు తప్పవు. మొదటి రేసుకు కొద్దిగా ఎత్తుపల్లాలున్న దారే మేలు, ఎక్కేచోట గుంపు దానంతటదే విడిపోతుంది. అందరినీ ఒక్కసారి కాకుండా కొద్దికొద్దిమందిగా నీళ్లలోకి వదిలే రేసు మరీ మంచిది.

గోవాలో ఎడమ పక్కనే తొక్కండి, కుడి పక్క నుంచే దాటండి. జర్మనీలోనో అమెరికాలోనో తొక్కి వచ్చినవారికి ఇది తిరగబడుతుంది, మరీ జాగ్రత్త. దాటే ముందు గట్టిగా అరవండి. ఖాళీ బాటిల్ చెప్పిన చోట తప్ప ఎక్కడా పడేయకండి. మలుపు రాకముందే చేతులు బ్రేకుల మీదికి తెచ్చుకోండి. నీళ్లందుకునే చోట కూడా అంతే. తల దించుకుని వాచీ చూడకండి. పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కకండి. ఎదురుగాలి కొట్టినా ఎవరి వెనకా చేరకండి. కాళ్లు పట్టేసినా చేరకండి. స్నేహితుడు రమ్మన్నా చేరకండి. పెనాల్టీ వేస్తే వాదించకండి. పెనాల్టీ గుడారంలో ఐదు నిమిషాలు కూర్చుని లేవండి. లేచాక మళ్లీ ఎవరి వెనకా చేరకండి.