సోరియాసిస్‌కి వారానికోసారి మాత్ర మొదలుపెడుతున్నారా? మొదటి నాలుగు నెలలు ఇలా నడపండి

మోచేతుల దగ్గర మొదలైన మచ్చలు వీపుకి, కాళ్లకి, తలలోకి పాకాయి. ఆయింట్‌మెంట్లు రాసి రాసి విసుగొచ్చింది. ఈసారి స్కిన్ డాక్టర్ "ఇక పైపూతతో లాభం లేదు, మాత్ర వేసుకోవాల్సిందే" అని చీటీలో మెథోట్రెక్సేట్ రాశారు. ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ పేరు కొడితే ముందు కనబడేది క్యాన్సర్. ఇంట్లో ఎవరో ఒకరు "అది క్యాన్సర్ మందట, వద్దులే" అంటారు. చీటీ బీరువాలోకి వెళ్లిపోతుంది.

ఆ భయానికి కొంత కారణం ఉంది, కానీ లెక్క తేడా చూడండి. క్యాన్సర్‌లో ఈ మందును ఒక్కోసారి వందల, వేల మిల్లీగ్రాముల్లో ఎక్కిస్తారు. సోరియాసిస్‌కి సాధారణంగా వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపే. మందు కొత్తదీ కాదు. 1951లో దీనికి ముందు వచ్చిన అమినోప్టెరిన్‌ని కీళ్లవాతం ఉన్నవాళ్లకి ఇస్తుంటే, వాళ్లలో సోరియాసిస్ ఉన్నవారి చర్మం బాగుపడటం అమెరికాలో డాక్టర్లు గమనించారు. 1972లో అక్కడ మెథోట్రెక్సేట్‌కి సోరియాసిస్ మందుగా అనుమతి వచ్చింది. అలాగని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పద్ధతిగా వాడితే చాలామందికి పనిచేస్తుంది, పద్ధతి తప్పితే ప్రాణం మీదకి తెస్తుంది.

1. మాత్ర కన్నా ముందు రక్తపరీక్ష

మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష, కిడ్నీల కోసం క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయిస్తారు. చాలామంది డాక్టర్లు ఛాతీ ఎక్స్‌రే కూడా తీయిస్తారు. "డబ్బులు గుంజడానికే ఇన్ని టెస్టులు" అనిపించవచ్చు. కానీ ఈ మందు పని చూపేది లివర్ మీద, ఎముక మూలుగ మీద. ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారా. ఆ మూడూ ఎలా ఉన్నాయో తెలియకుండా మాత్ర రాసే డాక్టర్ కంటే పరీక్షలు రాసే డాక్టరే మీకు మేలు.

అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, మద్యం అలవాటు ఎంత. చివరిదాన్ని తగ్గించి చెప్పకండి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు ఆ మాట మొదటే చెప్పాలి, గర్భంలో ఈ మందు అసలు పనికిరాదు. మగవాళ్లు కూడా ఆ ఆలోచన ఉంటే చెప్పండి.

వేరే జబ్బులకి వాడుతున్న మాత్రలన్నీ కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. బీపీకిచ్చే బీటా బ్లాకర్లు, మనసు జబ్బులకిచ్చే లిథియం, మలేరియాకి వాడే క్లోరోక్విన్ లాంటివి సోరియాసిస్‌ని రెచ్చగొట్టగలవు. నాటువైద్యుడి పొట్లాలు ఉంటే సిగ్గుపడకుండా అవీ చూపించండి. వారంలో మచ్చలన్నీ మాయం చేసిన పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఒక్కసారిగా ఆపితే జబ్బు రెట్టింపై తిరగబడుతుంది, ఒక్కోసారి ఒళ్లంతా చీము పొక్కులు లేస్తాయి. ఎలా తగ్గిస్తూ ఆపాలో డాక్టరే చెప్పాలి.

2. వారంలో ఒక రోజు పెట్టుకోండి, దాన్ని మార్చకండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందనుకుంటే అది ఇదే కావాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుని నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రికి వచ్చిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి, వాటిలో చనిపోయినవాళ్లూ ఉన్నారు.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, మనకి మాత్ర అంటే రోజూ వేసుకునేదే. షుగర్ మాత్ర, బీపీ మాత్ర అన్నీ అంతే. పైగా దీనితో పాటు, దీని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర కూడా రాస్తారు. చాలా బ్రాండ్లలో రెండూ పసుపురంగు చిన్న మాత్రలే. ఫోలిక్ యాసిడ్‌ని కొందరు డాక్టర్లు వారంలో ఒకరోజు, కొందరు మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు తప్ప మిగతా రోజుల్లో రాస్తారు. రెండు స్ట్రిప్పులూ ఒకే డబ్బాలో పడేస్తే ఏదో ఒకరోజు తారుమారు కావడం ఖాయం. అందుకని ఇలా చేయండి:

చీటీ మీద వారం పేరు డాక్టర్ చేతనే రాయించండి. "వీక్లీ" అని కాదు, "బుధవారం" అని. ఇంటికి రాగానే మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు వెనక మార్కర్‌తో అదే వారం రాసి, మిగతా మందులకి దూరంగా వేరే డబ్బాలో పెట్టండి. గోడ క్యాలెండర్లో ఆ వారాలకి గుండ్రాలు చుట్టి, వేసుకున్న వెంటనే టిక్ పెట్టండి. పెద్దవయసువాళ్లకి ఇంట్లో ఇంకొకరు చూసి ఇవ్వడం మంచిది. ఈ మాత్ర 2.5, 5, 7.5, 10, 15 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. షాపువాడు "అది లేదు, ఇది తీసుకోండి" అని వేరే పవర్ ఇస్తే అక్కడే నిలబడి లెక్క సరిచూసుకోండి.

ఏ వారం మంచిది? శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు శనివారం పెట్టుకోకండి, ఖాళీ కడుపుతో వాంతి వచ్చేలా ఉంటుంది. రాత్రి భోజనం చేశాక వేసుకుంటే వికారం చాలావరకు నిద్రలో గడిచిపోతుంది. మర్నాడు కాస్త నీరసంగా ఉండొచ్చు కాబట్టి పని తక్కువుండే రోజుకి ముందు రాత్రి పెట్టుకుంటే సుఖం. శనివారం రాత్రి మందు పార్టీల అలవాటుంటే వారం మార్చడం కాదు, అలవాటే మానాలి. ఈ మాత్రా మద్యం రెండూ లివర్ మీదే పడతాయి.

ఒక వారం మరిచిపోతే? రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకుని, తర్వాతి వారం మామూలు రోజుకే వేసుకోవచ్చు. అంతకంటే ఆలస్యమైతే ఆ వారానికి వదిలేయండి. రెండు వారాలవి కలిపి ఎప్పుడూ వేసుకోకండి.

3. మందు పనిచేసేలోపు చర్మాన్ని చూసుకోండి

మామూలుగా చర్మం పై పొర మారడానికి నెల దాకా పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ తొందరపెట్టడం వల్ల అదే పని కొద్దిరోజుల్లో జరిగిపోయి పొలుసులు పేరుకుంటాయి. మాత్ర ఆ తొందరని తగ్గిస్తుంది గానీ అందుకు వారాలు పడుతుంది. తేడా కనబడటానికి నెలా రెండు నెలలు, పూర్తి ఫలితం తేలడానికి మూడు నాలుగు నెలలు. కాబట్టి డాక్టర్ ఆపమనేదాకా ఆయింట్‌మెంట్ రాస్తూనే ఉండాలి.

ఎంత రాయాలో తెలియక కొందరు చుక్క పెట్టి ఒళ్లంతా పులుముతారు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబ్‌లోంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది, అది రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మొహానికి, చంకలకి, గజ్జలకి డాక్టర్ చెప్పకుండా రాయకండి.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో చేయండి. పీచుతో తోమడం, సున్నిపిండితో రుద్దడం మానేయండి. పొలుసు ఊడదీస్తే కింద సూదిమొనలంత రక్తపు చుక్కలు కనబడటం ఈ జబ్బు లక్షణమే, పైగా గీరుకున్న చోట కొత్త మచ్చ లేస్తుంది. మొలతాడు బిగుసుకున్న చోట, లంగా బొందు నడుముని కోసే చోట, వాచీ బెల్టు కింద మచ్చలు వదలకపోవడానికి కారణం ఇదే. బొందు వదులు చేయడం మందుల చీటీలో ఎవరూ రాయరు గానీ చేయాల్సిన పనే. తుడుచుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా తేమగా ఉండగానే కొబ్బరినూనో వాజిలీనో పట్టించండి. తలలో పొలుసులుంటే రాత్రి నూనె రాసి నాననిచ్చి, పొద్దున డాక్టర్ రాసిన షాంపూతో కడగండి.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. వంకాయ, గోంగూర, చేపలు మానమని ఊరంతా చెబుతుంది. వాటివల్ల అందరికీ సోరియాసిస్ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. బరువు ఎక్కువుంటే తగ్గడం, సిగరెట్ మానడం మాత్రం నిజంగా పనికొస్తాయి.

4. రక్తపరీక్ష ఏ రోజు ఇవ్వాలి

మొదటి నెలల్లో తరచుగా, అంతా కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి పరీక్షలుంటాయి. చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో లివర్ ఎంజైములు తాత్కాలికంగా పెరిగి కనబడతాయి. ఆ రోజుల్లో రక్తమిస్తే అనవసరంగా టెన్షన్. మాత్ర వేసుకుని కనీసం ఐదు రోజులు గడిచాక ఇవ్వండి. బుధవారం వేసుకునేవాళ్లకి సోమవారం, మంగళవారం సరిపోతాయి.

5. ఆగి ఫోన్ చేయాల్సిన సమయాలు

కాస్త వికారం, ఒకరోజు నీరసం సర్దుకునేవే. ఇవి మాత్రం కావు: నోట్లో పుండ్లు, జ్వరంతో గొంతునొప్పి, తగలకుండానే కమిలిన మచ్చలు, తగ్గని పొడిదగ్గు లేదా ఆయాసం, కళ్లు పచ్చబడటం. వీటిలో ఏది వచ్చినా తర్వాతి మాత్ర ఆపి డాక్టర్‌తో మాట్లాడండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కూడా అంతే. ఒంట్లో నీరు తగ్గితే మందు బయటికి పోక పేరుకుంటుంది. మే నెల ఎండల్లో పొలం పనికో, సైటు పనికో వెళ్లేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి.

జ్వరానికో మూత్రంలో మంటకో ఊళ్లో డాక్టర్ దగ్గరికి వెళ్తే "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అన్నది మొదటి మాట కావాలి. ట్రైమెథోప్రిమ్, సల్ఫా కలిసిన యాంటీబయోటిక్ దీనితో పడితే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. నొప్పి మాత్రలు కూడా అడగకుండా కొనుక్కోకండి.

ఒళ్లంతా ఎర్రబారి చలి పుట్టినా, జ్వరంతో చీము పొక్కులు లేచినా ఫోన్లు కాదు, ఆసుపత్రికే.

పొద్దున లేవగానే వేళ్లు అరగంట దాటినా బిగుసుకుని ఉండటం, ఒక వేలు మొత్తం వాచిపోవడం, మడమ నొప్పి ఉంటే చెప్పండి. సోరియాసిస్ కీళ్లలోకి దిగుతుందనడానికి అవి గుర్తులు, ఆలస్యమైతే కీలు పాడవుతుంది.

6. నాలుగో నెలలో ఏం తీసుకెళ్లాలి

పదిహేను రోజులకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోటో తీసి పెట్టుకోండి. మచ్చల మేర లెక్కకి మీ అరచేయి చాలు, వేళ్లతో కలిపి ఒక అరచేయి అంటే ఒంట్లో సుమారు ఒక శాతం. "కాస్త తగ్గినట్టుంది డాక్టర్‌గారూ" అనడం కంటే "పన్నెండు అరచేతులుండేది, ఇప్పుడు నాలుగు" అంటే డోసు పెంచాలో, అలాగే ఉంచాలో ఆయన తేల్చుకోగలరు. దురద వల్ల నిద్ర పోతోందా, సిగ్గుతో పెళ్లిళ్లకి వెళ్లడం మానేశారా అన్నవీ చెప్పండి. డాక్టర్లు జబ్బు తీవ్రతని చూసేటప్పుడు ఇవి కూడా లెక్కలోకి వస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదన్న ముక్క ఇంట్లోవాళ్లకి అర్థం కాకపోతే ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి, డాక్టర్ నోటి నుంచి వింటే నమ్ముతారు.

మందు పనిచేయకపోతే దారులు మూసుకుపోలేదు. వారానికి రెండు మూడుసార్లు ఇచ్చే 311 నానోమీటర్ల లైట్ చికిత్స ఉంది, అప్రెమిలాస్ట్, సైక్లోస్పోరిన్ మాత్రలున్నాయి, రోగనిరోధక వ్యవస్థలో జబ్బుని రెచ్చగొట్టే భాగాన్నే గురిపెట్టే బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. ఇంజెక్షన్ అనుకుంటే ముందు టీబీ పరీక్ష చేయించుకోవాలి. లోపల టీబీ దాగి ఉందని తేలితే దాని మందు మొదలుపెట్టాకే ఇంజెక్షన్ ఇస్తారు. ఖర్చు ఎంత, ఎన్నాళ్లు అన్నది మొదటి డోసుకి ముందే విడమరిచి అడగండి, మధ్యలో డబ్బు సరిపోక ఆపితే జబ్బు మళ్లీ లేస్తుంది.

మచ్చలు పోయాయని మెథోట్రెక్సేట్‌ని మీ అంతట మీరు ఆపకండి. కొందరికి డాక్టర్లు డోసు నెమ్మదిగా తగ్గించి చూస్తారు, కొందరికి చిన్న డోసు మీద ఏళ్లు నడుపుతారు. ఊరు వెళ్లేటప్పుడు ఎన్ని వారాలు ఉంటే అన్ని వారాల మాత్రలు లెక్కబెట్టి, చీటీ ఫోటోతో సహా పెట్టుకోండి.