నేల దున్నే చిన్న టిల్లరు స్టార్ట్ కాకపోతే ఏమి చేయాలి, దానికి ఏవి తగిలించాలి?

తొలకరి పడితే చాలు, గుణుపురం నుంచి కాశీనగర్ దాకా వంశధార ఒడ్డు పల్లెల్లో టిల్లరు తాడు లాగుతున్న చప్పుడు, దాని వెనకే తిట్లు వినిపిస్తాయి. నెలల తరబడి పాకలో పడి ఉన్న పెట్రోలు టిల్లరు కదలకపోయేసరికి ఎవరో ఒకరు ‘ఇంజను పోయింది’ అని తేల్చేస్తారు. దాన్ని ఆటోలో వేసుకుని పర్లాకిమిడికో రాయగడకో మోసుకుపోతారు. అక్కడి మోటారుసైకిలు మెకానిక్కు కనిపించిన ప్రతి స్క్రూనూ ఒక తిప్పు తిప్పి ఇస్తాడు. ఇలాంటప్పుడు చాలావరకు ఇంజనుకు ఏమీ అయ్యుండదు. పోయింది పెట్రోలు.

ఈ వ్యాసం 7 హార్స్‌పవర్, 4 స్ట్రోక్ టిల్లరు గురించి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే 2 స్ట్రోక్ రకం సంగతి వేరు.

కావలసినవి: 10 నంబరు స్పానరు, ప్లగ్గు స్పానరు, జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ఇత్తడి మర) గాడిలో సరిగ్గా ఇమిడే పొట్టి స్క్రూడ్రైవరు, అంచులున్న పెద్ద స్టీలు పళ్లెం, తెల్లని గుడ్డ, సైకిలు పంపు. తెల్లది దొరకదని పూల దుప్పటి ముక్క వాడకండి, రాలిన చిన్న భాగాలు అందులో కనిపించవు.

ముందు తేలికైనవి. యంత్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి ఆయిలు చూడండి. ఆయిలు తగ్గితే ఇంజనును ఆపేసే సెన్సరు కొన్ని మోడళ్లలో ఉంటుంది. కొండవాలు పొలాల్లో యంత్రం ఒరిగినప్పుడు ఆయిలు సరిపడా ఉన్నా అది ఆపేస్తుంది. ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయండి. పొదుపని కిరోసిను కలిపేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఎయిర్ ఫిల్టరులో స్పాంజి ఉంటే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక రెండు చుక్కల ఆయిలు పట్టించి పెట్టండి. నల్ల పొగ వస్తోందంటే ఫిల్టరు మూసుకుపోయిందని, లేదా చోక్ (స్టార్టు చేసేటప్పుడు గాలిని తగ్గించే మూత) తెరవడం మరిచిపోయారని అర్థం. బాగా నడిచి కాసేపటికి ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. అప్పుడు ఆగకుండా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది.

తరువాత నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు. పదిసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వే రావడం లేదు, లేదా పెట్రోలు ఎక్కువైంది. తుడిచి, మసి గీకి, మొనల మధ్య ఖాళీ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసి బిగించండి. అయినా ఫలితం లేకపోతే కొత్త ప్లగ్గు వేయండి. పొడిగా ఉంటే లోపం పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటరులో ఉంది. చోక్ మూసి ఉంచితేనే నడిచి, తెరవగానే ఆగిపోయినా అదే లోపం.

అందరూ పాడుచేసేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చదవండి.

మనకు వచ్చే పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. కార్బురేటరు కింద ఉండే చిన్న గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగట పొర కడుతుంది. జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది, అది పూడటానికి ఆ పొర చాలు.

ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. ప్లగ్గు తీగ పీకి పక్కన పెట్టండి. పెట్రోలు కాక్ మూయండి. దరిదాపుల్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. యంత్రాన్ని వాల్చాల్సి వస్తే హ్యాండిల్ వైపే వాల్చాలి. ఎయిర్ ఫిల్టరు కిందికి వస్తే ఇంజను ఆయిలు ఫిల్టరులోకి, కార్బురేటరులోకి దిగుతుంది. కింద చేయి పట్టే చోటు లేకపోతే రెండు నట్లు విప్పి కార్బురేటరు మొత్తాన్ని బయటకు తీయండి. కానీ ప్యాకింగులు ఏ వరుసలో ఉన్నాయో ముందే ఫోటో తీసుకోండి.

పళ్లెం, గుడ్డ కింద పెట్టి గిన్నె బోల్టు విప్పండి. గిన్నె చుట్టూ ఉన్న రబ్బరు రింగు లాగకుండా, మడవకుండా తీయండి. లోపల తేలే ఫ్లోటు ఒక సన్నని పిన్ను మీద వేలాడుతుంది. పిన్ను జారితే ఫ్లోటుతోపాటు పెట్రోలు దారిని మూసే చిన్న నీడిల్ కూడా పడిపోతుంది. ఫ్లోటు రేకును వంచడం మాత్రం మహాపాపం. వంచితే పెట్రోలు మట్టం మారిపోతుంది, ఆ తరువాత ఎవరు సరిచేసినా గురి కుదరదు.

మధ్య స్తంభంలో ఇత్తడి జెట్ ఉంటుంది. స్క్రూడ్రైవరు గాడిలో నిండుగా కూర్చోకపోతే తిప్పకండి, ఇత్తడి మెత్తన, గాడి చెదిరిపోతుంది. జెట్‌తోపాటు దాని పైన ఉన్న సన్నని గొట్టం కూడా జారి రావచ్చు. దాని ఏ కొన పైకి ఉందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు జెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టండి. రంధ్రంలోంచి గుండ్రని వెలుగు చుక్క కనిపించాలి. కనిపించకపోతే పెట్రోల్లో నానబెట్టి సైకిలు పంపుతో ఊదండి. ఇంకా రాకపోతే విద్యుత్ వైరు లోపలి ఒక్క రాగి పోగు దూర్చండి. పిన్నీసు, బ్లేడు, సూది వద్దు. ఉక్కు మొన గీసిన గీతతో రంధ్రం పెద్దదవుతుంది, ఆ తరువాత జీవితాంతం నల్ల పొగే.

బిగించే ముందు ఒక పరీక్ష. ఫ్లోటును వేలితో పైకి ఎత్తి కాక్ తెరవండి. పెట్రోలు ఆగిపోవాలి. వేలు వదిలితే పళ్లెంలోకి కారాలి. రెండూ జరిగితేనే గిన్నె పెట్టండి. ఎత్తినా కారుతుంటే నీడిల్ మొనను, అది కూర్చునే చోటును శుభ్రం చేయాలి. బయటి ఐడిల్ స్క్రూ (ఇంజను ఊరికే తిరిగే వేగాన్ని కుదిర్చేది), గాలి స్క్రూ జోలికి వెళ్లనే వద్దు. గిన్నె బోల్టు గట్టిగా బిగించకండి, లోపలి మర చాలా తేలికగా పోతుంది.

ఇక తగిలించే పనిముట్లు. అమ్మేవాడు ఏది చూపించినా కొనకండి. ముందు మీ టిల్లరు ఇరుసు గుండ్రనిదో ఆరు పలకలదో చూడండి, పాత బ్లేడు గొట్టాన్నే కొట్టుకు పట్టుకెళ్లండి. బ్లేడ్లు బిగించేటప్పుడు ముందుకు తిరిగే దిశలో పదునైన అంచే ముందుగా నేలను తాకాలి. ఎడమవి కుడికి వేస్తే యంత్రం గెంతుతుంది కానీ దున్నదు. వంగ, బెండ సాళ్ల మధ్య దున్ని కలుపు తీసే అంతరకృషికి పక్క డిస్కులు తప్పనిసరి, లేకపోతే ఆకులు మట్టిలో కలుస్తాయి. ఎర్ర నేల ఎండి గట్టిపడినప్పుడు ఒకే దున్నకంలో లోతుకు దిగాలని హ్యాండిల్‌ను అణచడం తెలివితక్కువ పని. వెనక ఉన్న లోతు కడ్డీని ముందు తక్కువ లోతుకు పెట్టి ఒకసారి, తరువాత ఎక్కువ లోతుకు పెట్టి రెండోసారి తోలాలి.

బోదెలు వేసే నాగలి కొనేవాళ్లు దానితోపాటు ఇనుప చక్రాలు కూడా కొనాలి. తడి నేలలో రబ్బరు చక్రాలు జారతాయి, అవి యంత్రాన్ని రోడ్డు మీద నడిపించడానికే పనికొస్తాయి. కొత్త పనిముట్టు పెట్టి గంటసేపు తోలాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. పంట పూర్తయ్యాక పాకలో పెట్టేటప్పుడు కాక్ మూసి, ఇంజను తానంతట తాను ఆగిపోయేదాకా నడవనివ్వండి. ఇది చేస్తే తొలకరికి గిన్నె విప్పే పని ఉండదు.