ఐసీయూ లెక్కలు – 4వ పాఠం: ‘ఐదులో వెళ్తోంది’ అంటే ఎంత?

పోయిన పాఠం చివర ఒక్కటే లెక్క ఇచ్చాను. పేషెంటు బరువు 60 కిలోలు. డోపమైన్ (గుండెకు, బీపీకి ఊతమిచ్చే మందు) 200 మి.గ్రా. 50 మి.లీ.లో కలిపారు. కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు వెళ్లాలంటే సిరంజి పంపు (సిరంజిలోని మందును గంటకిన్ని మి.లీ. చొప్పున తోసే యంత్రం) ఎంతలో పెట్టాలి? మీ దగ్గర్నుంచి మూడు రకాల జవాబులొచ్చాయి: 4.5, 0.075, 4.95. అందుకే ఈసారి చెబుదామనుకున్న వెంటిలేటర్ అలారాలు వాయిదా.

0.075 వచ్చినవాళ్లు టెన్షన్ పడకండి. మీ లెక్క తప్పలేదు, దారిలో ఆగిపోయింది. నిమిషానికి 300 మైక్రోగ్రాములు కావాలి, సిరంజిలో మి.లీ.కి 4000 ఉన్నాయి. భాగిస్తే నిమిషానికి 0.075 మి.లీ. పంపు అడిగేది గంటకెంత అని. 60తో గుణిస్తే 4.5.

4.95 వచ్చినవాళ్లకు నేనే క్షమాపణ చెప్పాలి. ఆంప్యూల్‌లో, అంటే మందు వచ్చే చిన్న గాజుసీసాలో, మందే 5 మి.లీ. ఉంటుంది. మీరు దాన్ని 50 మి.లీ. సెలైన్‌లో పోసి 55 చేశారు. నా మనసులో ఉన్నది 45 సెలైన్, 5 మందు. ఇకనుంచి ‘మొత్తం 50 చేసి’ అని రాస్తాను. మిల్లీగ్రాములను మైక్రోగ్రాముల్లోకి మార్చడం మాత్రం మళ్లీ చెప్పను. అడల్ట్ హెల్త్ నర్సింగ్ రెండో పేపర్ దాకా వచ్చినవాళ్లకు అది చెబితే బాగుండదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. హ్యాండోవర్‌లో, అంటే షిఫ్టు మారుతూ పేషెంటుని అప్పజెప్పేటప్పుడు, “నార్‌అడ్ ఐదులో వెళ్తోంది మేడమ్” అంటారు. నార్‌అడ్ అంటే నార్‌అడ్రినలిన్, బీపీ పెంచే మందు. సరే, ఏం ఐదు? అది పంపు వేగం, డోసు కాదు. అదే 60 కిలోల పేషెంటుకి నార్‌అడ్రినలిన్ 4 మి.గ్రా. మొత్తం 50 చేసి 4.5లో పెడితే కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాము. 8 మి.గ్రా. కలిపి అదే 4.5లో ఉంచితే 0.2. ఆ సిరంజినే 40 కిలోల మనిషికి పెడితే 0.3. పంపు మీద అంకె కదల్లేదు, డోసు మూడింతలైంది. పైన డోపమైన్‌కి వచ్చిందీ 4.5 అనే గుర్తుంచుకోండి. అక్కడ అది 5 మైక్రోగ్రాములు.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో, సాయంత్రం షిఫ్టువాళ్లు డబుల్ స్ట్రెంగ్త్ (అన్నే మి.లీ.లో రెట్టింపు మందు) కలిపి వేగం సగానికి తగ్గించారు. సరిగ్గానే చేశారు. నాకు మాత్రం “మూడులో వెళ్తోంది” అని చెప్పి వెళ్లిపోయారు. సిరంజి మీద లేబుల్ లేదు, నేనూ అడగలేదు. రాత్రి అది అయిపోతే అలవాటు కొద్దీ సింగిల్ కలిపి మూడులోనే పెట్టాను. కాసేపటికి బీపీ జారడం మొదలైంది. సెలైన్ వేస్తున్నాం, ఈసీజీ చూస్తున్నాం, పంపు వైపు ఎవరూ చూడరు. చివరికి సీనియర్ సిస్టర్ ఒకావిడ వచ్చి “నువ్వెంత కలిపావు?” అని ఒక్క ప్రశ్న వేసింది.

మందు, ఎన్ని మి.గ్రా. ఎంతలో కలిపారు, గంటకెన్ని మి.లీ., డోసెంత. ఈ నాలుగూ ఒకే ఊపిరిలో చెప్పండి. కలపగానే లేబుల్ మీద ‘60 కి., 0.1 = 4.5’ అని రాయడం నా అలవాటు. పంపు తనే డోసు లెక్కకట్టే రకమైనా నేను చేత్తో ఒకసారి చూసుకుంటాను. బరువు తప్పు కొడితే పాపం దానికేం తెలుసు? బరువుని 3తో గుణించి అన్ని మి.గ్రా. మొత్తం 50 చేస్తే గంటకు 1 మి.లీ. అంటే కిలోకి నిమిషానికి 1 మైక్రోగ్రామే అనే సూత్రమూ ఉంది. లెక్క నిజమే, నాకు నచ్చదు. 47 కిలోల మనిషికి 141 మి.గ్రా. డోపమైన్, అంటే 3.525 మి.లీ. తీస్తూ కూర్చోవాలి. పైగా బెడ్ బెడ్‌కీ ఒక బలం.

అభ్యాసం. పేషెంటు 40 కిలోలు, బీపీ 84/42. నార్‌అడ్రినలిన్ 4 మి.గ్రా. మొత్తం 50, వేగం 6. డాక్టర్ 0.3కి పెంచమన్నారు. సిరంజిలో 9 మి.లీ. మిగిలింది. తర్వాతిది 8 మి.గ్రా. కలపాలి. సగటు రక్తపీడనం ఎంత? ఇప్పుడు వెళ్తున్న డోసెంత? పెంచాక పాత సిరంజి ఎంతసేపు వస్తుంది? కొత్తది ఎంతలో పెడతారు? ఎక్స్‌టెన్షన్ లైన్‌లో (సిరంజి నుంచి పేషెంటు వైపు వెళ్లే గొట్టంలో) 1.5 మి.లీ. పడుతుందనుకోండి. లైన్ మార్చకుండా సిరంజి ఒక్కటే మారిస్తే ఎన్ని నిమిషాలపాటు, ఎంత డోసు వెళ్తుంది? ఛార్టులో మీరు రాసే వాక్యం కూడా పంపండి.