బరంపురం కొత్తగా వచ్చారా? ఎవరైనా కాలర్ పట్టుకుంటే

ఇల్లు, గ్యాస్, పిల్లల స్కూలు గురించి చెప్పడానికి ఒడిశాలోని ఈ బరంపురంలో మనవాళ్ళు బోలెడుమంది. బజారులో తెలుగుతోనే పని నడిచిపోతుంది. టెన్షన్ మొదలయ్యేది పోలీస్ స్టేషన్‌లోనే, అక్కడి కాగితాలు చాలావరకు ఒడియాలో ఉంటాయి కాబట్టి.

మా మేనల్లుడు ఊరికొచ్చి మూడు వారాలైంది. ఒక పెద్ద బట్టల షాపులో బెల్టు కొని బయటికొస్తుంటే గేటు దగ్గర అలారం మోగింది. గార్డు కాలర్ పట్టి లాగాడు, పై గుండీ ఊడింది. మెట్ల కింద గదిలో గంటన్నర కూర్చోబెట్టారు. బిల్లు పర్సులోనే ఉంది. వాడు తెలుగులో మొత్తుకుంటుంటే వినే ఓపిక ఎవరికి? చివరికి బిల్లు చూసి పంపించేశారు. ఇంటికొచ్చాక మా అక్క చేసిన తెలివైన పని, ఆ చొక్కా ఉతకకుండా సాక్ష్యంగా కవర్లో పెట్టడం. బిల్లు మీద టైము ఉంది: 6:12. షాపు కెమెరా రికార్డింగ్ చెరపొద్దని మర్నాడే రాతపూర్వకంగా అడిగాం.

గార్డు యూనిఫాం వేసుకున్నంత మాత్రాన పోలీసు కాడు. తన కళ్ళముందు బెయిలు హక్కుగా రాని పెద్ద నేరం జరిగితే మామూలు మనిషి ఎవరైనా పట్టుకోవచ్చు, గార్డుకూ అంతే. అలా పట్టుకున్నా 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కారణం లేకుండా ఒంటిమీద చెయ్యి వేస్తే, దెబ్బ తగలకపోయినా సివిల్ దావాకు అది చాలు. గదికి తాళం వెయ్యక్కర్లేదు, తలుపుకి అడ్డంగా నిలబడినా నిర్బంధమే. ఆపారని మనం చూపిస్తే, ఎందుకు ఆపారో చెప్పుకోవాల్సింది వాళ్ళే. దావా గార్డు ఒక్కడి మీద వేసి ఊరుకోకండి. అతన్ని పెట్టిన ఏజెన్సీనీ, షాపునూ కలపండి. పాపం, అతని జీతం ఎంతుంటుంది?

పోలీసులు ఆపితే వాదన వద్దు. "ఆజ్ఞా, ము జాయిపారిబి కి?" అని అడగండి, అంటే నేను వెళ్ళొచ్చా అని. వెళ్ళొద్దంటే "మోతే గిరఫ్ కరుఛంతి కి?", అరెస్టు చేస్తున్నారా అని. అరెస్టయితే మెమో (అరెస్టు వివరాల కాగితం) రాయాలి, మీవాళ్ళకు కబురివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్ళాలి. కారణాలు మీకర్థమయ్యే భాషలో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అర్థంకాని ఒడియా కాగితం మీద సంతకం పెట్టాల్సొస్తే, పక్కనే తెలుగులో "చదివి వినిపించలేదు" అని రాయండి. దెబ్బలుంటే ఊళ్ళోని ప్రభుత్వ ఎం.కె.సి.జి. ఆస్పత్రికి వెళ్ళి, ఎవరు కొట్టారో డాక్టరుకి చెప్పి రాయించండి.

పోలీసుల మీద కేసేస్తే డబ్బులొస్తాయా అని నవ్వేవాళ్ళకు ఈ రాష్ట్రం కేసే ఉంది. 1987 డిసెంబరులో సుందర్‌గఢ్ జిల్లాలో సుమన్ బెహెరా అనే 22 ఏళ్ళ కుర్రాణ్ణి పోలీసు ఔట్‌పోస్టుకు తీసుకెళ్ళారు. మర్నాడు శవం రైలు పట్టాల మీద కనిపించింది. తల్లి నీలాబతి బెహెరా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని, 1993లో ఒడిశా ప్రభుత్వాన్ని లక్షా యాభై వేలు కట్టమంది. పరిహారం కట్టడం నుంచి ప్రభుత్వానికి మినహాయింపు ఉందన్న వాదన ప్రాథమిక హక్కుల దగ్గర చెల్లదని తేల్చింది.

మనవాళ్ళు దెబ్బతినేది గడువు దగ్గర. అక్రమ నిర్బంధానికి పరిహారం దావా, వదిలేసిన రోజు నుంచి ఏడాదిలోపే వెయ్యాలి. ప్రభుత్వం మీదా, డ్యూటీలో చేసిన పనికి పోలీసు మీదా అయితే ముందు 2 నెలల నోటీసు ఇవ్వాలి. ఊరెళ్ళి ఆంధ్రాలోని సోంపేటలో వేస్తామంటే కుదరదు. సంఘటన జరిగిన చోటో, అవతలివాడు ఉండే చోటో వెయ్యాలి. వకీలు ఖర్చు భారమైతే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఉచిత న్యాయ సహాయం ఉంది.

మావాడి విషయంలో వకీలు నోటీసు వెళ్ళిన మూడోవారానికి షాపువాళ్ళు రాజీకొచ్చారు. పెద్ద మొత్తమేం కాదు. క్షమాపణ కాగితం మాత్రం తెలుగులోనే రాయించుకున్నాం.