ఆయిల్ కారుతోందా? సీల్ మార్చే ముందు క్రాంక్‌కేస్ ప్రెషర్ కొలవండి

మన దగ్గర ఇంజన్ కింద ఆయిల్ చుక్క కనబడగానే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట "సీల్ పోయిందన్నా, మార్చేద్దాం". మారుస్తారు. నెలకే మళ్లీ అక్కడే తడి. ఈసారి ప్యాకింగ్‌కు రెండింతలు సిలికాన్ పూస్తారు. బోర్ పెంచినవి, టర్బో పెట్టినవి, ఇంజన్ కంప్యూటర్ రీమ్యాప్ చేయించినవి, ఏ ఇంజనైనా ఇదే కథ. క్రాంక్‌కేస్‌లో, అంటే క్రాంక్ తిరిగే ఇంజన్ కింది గదిలో, గ్యాస్ ఎంత ఒత్తిడితో తోస్తోందో ఎవరూ చూడరు. ఇక్కడ రాసేది పెట్రోల్ కారు గురించి. బుల్లెట్ లాంటి సింగిల్ సిలిండర్ బండ్లలో ఆ గ్యాస్ వదిలే దారి, అంటే బ్రీదర్, వేరే సంగతి.

లోపల జరిగేది ఇదీ. మండిన గ్యాస్‌లో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. కొత్త ఇంజన్‌లోనూ దిగుతుంది, పవర్ పెంచితే ఇంకా ఎక్కువ. ఐడిల్‌లో ఈ గ్యాస్‌ను ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాలు) వాక్యూమ్ పీసీవీ వాల్వ్ అనే చిన్న కవాటం గుండా లాగేసుకుంటుంది. దాని బదులు ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి బ్రీదర్ పైపులో మంచి గాలి లోపలికి వస్తుంది. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు. అప్పుడు గ్యాస్ అదే బ్రీదర్ పైపులోంచి వెనక్కి, ఫిల్టర్ వైపు బయటపడాలి. అంటే బ్రీదర్ పైపు రెండు దిక్కులా పనిచేస్తుంది. పీసీవీ లైన్‌కు మాత్రమే క్యాచ్ క్యాన్ (గ్యాస్‌లోని ఆయిల్‌ను పట్టే డబ్బా) పెట్టి, బ్రీదర్‌ను సన్నని పైపుతో సరిపెట్టేవాళ్లకు తెలియనిది ఇదే.

సామాన్లు: మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక పైపు నాలుగు మీటర్లు, మీటరు పొడవు చెక్క, మూతకు రెండు రంధ్రాలు చేసిన గాజు సీసా, డీగ్రీజర్, టాల్కం పౌడర్. ఇంకా పాత ఆయిల్ ఫిల్లర్ మూత ఒకటి. దానికి రంధ్రం చేసి చిన్న నిపుల్ బిగించండి. డిప్‌స్టిక్ గొట్టానికి పైపు తగిలించమని కొందరు చెబుతారు, నేను వద్దంటాను. కొన్ని ఇంజన్లలో ఆ గొట్టం కొస ఆయిల్‌లో మునిగి ఉంటుంది. అప్పుడు కనబడే రీడింగ్ నిజం కాదు.

ముందు ఆయిల్ లెవల్ చూడండి. మాక్స్ గీత దాటి ఉంటే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. అంతవరకు తీసేశాకే మిగతా పని. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బయటంతా డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టండి. ఆల్టర్నేటర్, కనెక్టర్లకు ముందే కవరు చుట్టండి.

ఇక అసలు పని. దీంట్లో తొందర వద్దు.

పైపును చెక్క మీద U ఆకారంలో కట్టండి, ఇదే మన ప్రెషర్ మీటర్. ఒక్కో కాలు 80 సెంటీమీటర్లు ఉండాలి. రెండు చుక్కల నీలిమందు కలిపిన నీళ్లు సగం వరకు పోయండి. ఒక కొస బయటి గాలికి తెరిచి ఉంచండి. రెండో కొస ముందు గాజు సీసాలోకి, అక్కడి నుంచి ఇంకో ముక్క ఫిల్లర్ మూత నిపుల్‌కు. సీసా ఎందుకని దాన్ని తీసేస్తుంటారు చాలామంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఐడిల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ మొత్తం క్రాంక్‌కేస్ మీద పడుతుంది. ఆ లాగుడికి U లోని నీళ్లన్నీ ఇంజన్‌లోకి పోతాయి. మధ్యలో సీసా ఉంటే అందులోనే పడి ఆగుతాయి. ప్లాస్టిక్ బాటిల్ పెట్టకండి, నొక్కుకుపోతుంది. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు పైపును వేళ్లతో నొక్కి పట్టుకుని మెల్లగా వదలండి.

వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఇంజన్ వైపు నీళ్లు కొద్దిగా పైకి లేవాలి. లోపల కొంచెం వాక్యూమ్ ఉందన్నమాట, మంచిదే. కిందికి దిగాయంటే ఐడిల్‌లోనే ఒత్తిడి ఉంది. ముందు పీసీవీ వాల్వ్‌ను అనుమానించండి. చాలా షాపుల్లో ఇక్కడికే ఆపేస్తారు. ఫిల్లర్ మీద కాగితం పెట్టి "లాగుతోంది, బాగుంది" అంటారు. లోడ్ మీద ఏం జరుగుతుందో కాగితం చెప్పదు.

అందుకే రోడ్డు మీదికి వెళ్లాలి. పైపు బానెట్ కింద నలగకుండా, ఫ్యాన్‌కు, ఎగ్జాస్ట్‌కు తగలకుండా కిటికీలోంచి లోపలికి తెచ్చి చెక్కను ముందు సీటు దగ్గర గట్టిగా కట్టండి. U రెండు కాళ్లూ కారుకు అడ్డంగా, ఎడమ కుడి వైపులకు ఉండాలి. ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే యాక్సిలరేటర్ తొక్కగానే నీళ్లు వెనక్కి వాలతాయి. అది చూసి ప్రెషర్ అనుకుని బాగున్న ఇంజన్‌ను విప్పించినవాళ్లు ఉన్నారు. నీళ్లు ఎగిరెగిరి పడుతుంటే పైపులో పాత కార్బురేటర్ జెట్ ఒకటి ఇరికించండి, నిలకడగా ఉంటాయి. మీరు రోడ్డు చూడండి, చెక్కను ఫోన్ వీడియో తీస్తుంది.

నల్లగొండ, మిర్యాలగూడ వైపువాళ్లు వడ్ల లారీలు లేని వేకువన చదునైన రోడ్డు ఎంచుకోండి. మూడో గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి, స్పీడ్ లిమిట్ దాటకముందే వదిలేయండి. మహబూబ్‌నగర్, అచ్చంపేట వైపువాళ్లకు మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు ఎక్కుడు ఉంది కానీ, మలుపుల్లో నీళ్లు పక్కకు వాలతాయి. సాఫీగా ఉన్న చోట తీసిన రీడింగే లెక్క.

రెండు కాళ్ల నీటి మట్టాల తేడా 70 సెంటీమీటర్లు ఉంటే దాదాపు ఒక పీఎస్ఐ (టైర్ గాలి కొలిచే యూనిటే). పూర్తి లోడ్‌లో తేడా 15 దాటితే నేను పని మొదలుపెడతాను, 30 దాటిన ఇంజన్‌కు కొత్త సీల్ వేయను. కంపెనీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి.

ఎక్కువ వచ్చిందా? బ్రీదర్ పైపును ఇంజన్ వైపు ఊడదీసి, ఇంజన్ మీది కొసకు పలుచటి గుడ్డ కట్టి, ఒక్కసారి మళ్లీ అదే పరుగు తీయండి. ప్రెషర్ పడిపోతే అడ్డు పైపులోనో, క్యాచ్ క్యాన్‌లోనో, ఫిల్టర్ దగ్గరో ఉంది. పడకపోతే గ్యాసే ఎక్కువ దిగుతోంది. కంప్రెషన్ టెస్ట్ చేసి, తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఈసారి పెరిగితే రింగులు లేదా బోర్ అరిగినట్టు. రైస్‌మిల్లు ఊక దుమ్ము, క్వారీ దుమ్ము ఉన్న చోట సరిగా కూర్చోని ఎయిర్ ఫిల్టర్‌తో తిప్పిన బండికి ఈ గతి త్వరగా పడుతుంది. దానికి ఇంజన్ పనే మందు, పైపులు మార్చి లాభం లేదు.

పైపులదే తప్పయితే బాగుచేయడం తేలిక. పీసీవీ వాల్వ్ ఆ ఇంజన్‌కు ఇచ్చినదే కొనండి, స్ప్రింగ్ లెక్క వేరు వేరుగా ఉంటుంది. ఊపితే టకటకమంటే బాగున్నట్టేనన్నది సగం నిజం. టర్బో ఉంటే బూస్ట్ వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ తప్పనిసరి. బ్రీదర్ పైపు సైజు కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. అది ఆయిల్ తట్టుకునే రబ్బరుదై ఉండాలి. ఇందాక కొలతకు వాడిన పారదర్శక పైపును అక్కడే ఉంచేస్తారు కొందరు, ఎండలకు మెత్తబడి మూసుకుపోతుంది. క్యాచ్ క్యాన్ లోపల అడ్డుపలకలు ఉన్నదే తీసుకోండి, ఖాళీ డబ్బా వట్టి షోకు. దాన్ని బ్రీదర్ కంటే కింద పెట్టి, పైపు మధ్యలో ఎక్కడా జారి గుంత పడకుండా చూడండి. ఆ గుంతలో ఆయిల్ నిలిస్తే దారి మూసుకుపోయినట్టే.

టాపెట్ కవర్ మీద చిన్న గుండ్రటి ఫిల్టర్ పెట్టి వదిలేయడం మాత్రం నాకు నచ్చదు. ఆయిల్ ఆవిరి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. ఐడిల్‌లో దుమ్ము లోపలికి పోతుంది. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో లెక్కలోకి రాని గాలి కలిసి ఐడిల్ తప్పుతుంది. ఆ ఫిల్టర్ పెట్టినవాళ్లే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర టెన్షన్ పడుతుంటారు.

ప్రెషర్ దారికి వచ్చాక అనుమానం ఉన్న చోట టాల్కం చల్లి కాసేపు నడపండి. ఆయిల్ కిందికీ వెనక్కీ పాకుతుంది కాబట్టి అన్నిటికన్నా పైన, ముందు తడిసిన చోటే మూలం. టాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, తర్వాతే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ చూడండి. రేకు చాంబర్ బోల్టులను బలం కొద్దీ బిగిస్తే అంచు వంగుతుంది, టార్క్ రెంచ్ వాడండి. సిలికాన్ సన్నని గీత చాలు. ఎక్కువైంది లోపలికి తెగిపడి ఆయిల్ పికప్ జాలిని మూస్తుంది. వెనక మెయిన్ సీల్ దగ్గర ఇంకా తడి ఉంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే. దింపినప్పుడే క్లచ్ ప్లేట్ కూడా చూపించుకోండి, కూలి ఒక్కసారే ఇస్తారు.