టెక్సాస్‌లో ఇంటి మదింపు విలువపై ప్రొటెస్ట్ వేయడం ఎలా?

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి బడులు, కౌంటీ, నగరం నడవడానికి ఇళ్లపై వేసే పన్నే పెద్ద ఆధారం. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు వసంతంలో వచ్చే మదింపు నోటీసు గుబులు పుట్టించడానికి కారణం ఇదే. ఆ నోటీసు పంపేది కౌంటీ ప్రభుత్వం కాదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ. అది ఇంటికి విలువ మాత్రమే కడుతుంది. పన్ను రేటును కౌంటీ తరఫున కమిషనర్స్ కోర్టు (పేరు కోర్టే అయినా ఇది కౌంటీ పాలకమండలి), నగరం తరఫున సిటీ కౌన్సిల్, బడుల తరఫున స్కూల్ బోర్డు నిర్ణయిస్తాయి. కాబట్టి పన్ను కట్టలేకపోతున్నామన్న మొర, విలువపై వేసే అధికారిక అభ్యంతరమైన ప్రొటెస్ట్‌లో పనిచేయదు.

మొదట నోటీసులో మార్కెట్ విలువ (అమ్మితే వచ్చే ధర), అప్రైజ్డ్ విలువ (పరిమితి వర్తించాక పన్ను లెక్కకు తీసుకునేది) అనే రెండు అంకెలను విడివిడిగా చూడండి. సొంతంగా నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్ అనే పన్ను మినహాయింపు ఉంటే, అది వచ్చిన మరుసటి ఏడాది నుంచి అప్రైజ్డ్ విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదు. కొత్తగా కట్టిన గదుల వంటివి ఇందులోకి రావు. మార్కెట్ విలువ తగ్గినా ఈ పరిమితి కిందికి దిగకపోతే ఆ ఏడాది బిల్లు మారదు. ఎగ్జంప్షన్ లేనివారు ముందు దానికి దరఖాస్తు చేయడం మేలు. బడి పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే ఈ మినహాయింపు 2023లో 1,00,000 డాలర్లకు, 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన సవరణతో 1,40,000 డాలర్లకు పెరిగింది. డ్రైవింగ్ లైసెన్సుపై ఆ ఇంటి చిరునామాయే ఉండాలన్న సంగతిని చాలామంది పట్టించుకోరు.

ప్రొటెస్ట్‌కు గడువు మే 15, లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు. ఏది తరువాత వస్తే అది. ఫారం 50-132 నింపి పంపవచ్చు, చాలా అప్రైజల్ డిస్ట్రిక్టుల్లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. కారణాల దగ్గర మార్కెట్ విలువ తప్పుగా ఉందన్న గడినీ, ఇతర ఇళ్లతో పోలిస్తే అసమానంగా ఉందన్న గడినీ రెంటినీ గుర్తించండి, ఎందుకంటే ఒకటి వదిలేస్తే విచారణలో ఆ వాదన ఎత్తే వీలు పోవచ్చు. అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీ ఇంటిపై చూపబోయే ఆధారాలను కూడా అడిగి తెప్పించుకోండి.

అసలు శ్రమ ఆధారాల దగ్గరే ఉంది. టెక్సాస్‌లో అమ్మకపు ధరలను బయటపెట్టాలన్న నిబంధన లేనందున అవి ప్రభుత్వ రికార్డుల్లో దొరకవు. తెలిసిన రియల్టరును అడగాలి, లేదా డిస్ట్రిక్ట్ ఇచ్చిన పత్రాల్లోంచే ఏరుకోవాలి. మీ ఇంటి వయసు, చదరపు అడుగులు, స్థలం దాదాపు ఒకటిగా ఉన్న ఇళ్లను జనవరి 1కి దగ్గరి తేదీల నుంచి ఎంచుకోండి, విలువ లెక్కించేది ఆ రోజు నాటికే కనుక. ఇల్లు ఇటీవలే తక్కువకు కొన్నారా? కొనుగోలు ముగిసినప్పుడు ఇచ్చే లెక్కల పత్రం, అంటే క్లోజింగ్ స్టేట్‌మెంట్, దానంతట అదే బలమైన ఆధారం. ఉత్తర టెక్సాస్ బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి పునాది బీటలు అక్కడ మామూలే. పగులు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోకు కాంట్రాక్టరు మరమ్మతు అంచనా జతచేస్తే మాటలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

విచారణకు ముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగితో మాట్లాడి ఒప్పందానికి రావచ్చు. చాలా కేసులు అక్కడే ముగుస్తాయి. కుదరకపోతే ఈ వివాదాలను విచారించే అప్రైజల్ రివ్యూ బోర్డు ముందుకు వెళ్లాలి. సమయం కొద్దిగానే ఇస్తారు కనుక మీరు కోరే విలువను మొదటి వాక్యంలోనే చెప్పి, దాని వెనుక లెక్కను చూపండి. తగ్గిన పన్నులో వాటా తీసుకునే ఏజెంట్లు ఉన్నారు గానీ, మామూలు ఇంటికి వారి అవసరం నాకు కనిపించదు. బోర్డు ఉత్తర్వు నచ్చకపోతే అందిన 60 రోజుల్లోగా బైండింగ్ ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడే పద్ధతి) గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు.

పన్ను భారం గురించి మాట్లాడే చోటు వేరే ఉంది. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉండే కమిషనర్స్ కోర్టు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బడ్జెట్, పన్ను రేటు మీద బహిరంగ విచారణలు జరుపుతుంది. ప్రతిపాదిత రేటు, తేదీ కౌంటీ వెబ్‌సైటులో ఉంటాయి. పాత ఆస్తుల నుంచి నిర్వహణకు వచ్చే రాబడిని 3.5 శాతానికి మించి పెంచే రేటుకు సాధారణంగా ఓటర్ల ఆమోదం కావాలి కనుక, ప్రతిపాదన ఆ గీతకు ఎంత దగ్గరగా ఉందో చూసుకుని మాట్లాడండి.