ఇంటి కంప్యూటర్‌లో తెలుగు: కీబోర్డు, ఫాంట్లు, చెడిపోయే అక్షరాలు

విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడానికి కొనాల్సింది ఏమీ లేదు. అయినా మండలాఫీసుకు ఓ దరఖాస్తు రాయాలన్నా, గృహప్రవేశం పిలుపు అచ్చు వేయించాలన్నా చాలామంది డీటీపీ సెంటర్‌కి వెళ్తారు. లేదంటే ఫోన్‌లో కొట్టి, వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని, కంప్యూటర్‌లో అతికిస్తారు. పది నిమిషాలు కూర్చుని అమర్చుకుంటే ఈ తిప్పలు ఉండవు.

కీబోర్డు పెట్టుకోవడం

నెట్ ఆన్‌లో ఉంచి, సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ తెరవండి. విండోస్ 11లో అయితే అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, 10లో అయితే లాంగ్వేజ్ అని ఉంటుంది. యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి, తెలుగు అని ఇంగ్లిష్‌లో వెతికితే వస్తుంది. ఎంచుకుని నెక్స్ట్ నొక్కాక వచ్చే తెరలో విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్‌గా పెట్టమంటారా అనే టిక్కు ఉంటే తీసేయండి. అది ఉంచితే కంప్యూటర్ మెనూలన్నీ తెలుగులోకి మారతాయి. భాషాభిమానానికి బాగానే ఉంటుంది కానీ, రేపు ప్రింటర్ మొరాయించి ఎవరినైనా సాయం అడిగితే వాళ్లు చెప్పే పేరు ఒకటి, మీ తెరమీద కనిపించేది ఇంకొకటి అవుతుంది.

భాష చేరాక దాని పక్కనున్న మూడు చుక్కలు (విండోస్ 10లో అయితే ఆ భాష మీద నొక్కితే కనిపించే ఆప్షన్స్) నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. కిందికి జరిపితే కీబోర్డ్స్ అనే చోట యాడ్ ఎ కీబోర్డ్ ఉంటుంది. అక్కడ తెలుగు ఫొనెటిక్ ఒకటి, ఉత్త తెలుగు అనో ఇన్‌స్క్రిప్ట్ అనో ఇంకొకటి కనిపిస్తాయి. ఫొనెటిక్ కనిపించకపోతే మీ విండోస్ పాతదన్నమాట. అది 2019 మేలో వచ్చిన 1903 వెర్షన్‌తో మొదలైంది. అప్‌డేట్ చేసుకుంటే వచ్చేస్తుంది.

ఇక విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. ఇప్పుడు ఏది ఉందో తెర కింద కుడిమూల గడియారం పక్కన కనిపిస్తుంది.

రెండో భాష చేర్చిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతుంటారు, కంప్యూటర్ మాత్రం తప్పంటుంది. లాగిన్ తెరలో కూడా కీబోర్డు తెలుగులో ఉండిపోవడమే కారణం. పాస్‌వర్డ్ మర్చిపోయామని కంగారుపడి రీసెట్‌కి వెళ్లకండి. ఆ తెర కుడివైపు కిందనున్న భాష గుర్తు నొక్కి ఇంగ్లిష్‌కి మార్చండి, చాలు. భాష మనకు తెలియకుండా మారిపోవడానికి చాలాసార్లు ఎడమ ఆల్ట్, షిఫ్ట్ మీటలే కారణం. ఆ రెండూ పొరపాటున కలిపి నొక్కినా భాష మారిపోతుంది. దీన్ని ఆపాలంటే విండోస్ 11లో అయితే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో, 10లో అయితే డివైసెస్‌లో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అందులో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరిచి, చేంజ్ కీ సీక్వెన్స్‌లో నాట్ అసైన్డ్ పెట్టండి. విండోస్, స్పేస్ జంట మాత్రం అలాగే పనిచేస్తుంది.

ఫొనెటిక్ మేలా, ఇన్‌స్క్రిప్ట్ మేలా?

ఫొనెటిక్‌లో పలికినట్టు ఇంగ్లిష్ అక్షరాలు కొడతాం, తెలుగు మాటల పట్టీ వస్తుంది, కావలసింది ఎంచుకుంటాం. నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఇబ్బందంతా ల, ళ దగ్గర, న, ణ దగ్గర, త, ట దగ్గర. కల కొట్టబోతే కళ వస్తుంది. ఊరిపేర్లు, ఇంటిపేర్ల దగ్గర మరీ తడబడుతుంది. అందుకే పట్టీలో మొదటిది గుడ్డిగా ఒప్పుకుంటూ పోకుండా పేర్ల దగ్గర ఆగి చూసుకోవాలి. దరఖాస్తులో ఇంటిపేరు తప్పు పడితే ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలిసిందే.

ఇన్‌స్క్రిప్ట్ భారత ప్రభుత్వ ప్రమాణం. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు ఉంటాయి. తెలుగు అనే మాటకి వరసగా ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి మీటలు నొక్కాలి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మనం చేత్తో రాసే వరసే ఇది. ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు పెట్టాలి, పొల్లుకి డి మీట. అమ్మ రాయాలంటే షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ, తర్వాత సి, డి, సి. పైగా ఈ అమరిక మన భాషలన్నిటికీ ఒకటే. తెలుగులో క ఉన్న మీట మీదే హిందీలోనూ క ఉంటుంది.

నెలకో ఉత్తరం రాసేవాళ్లకి ఫొనెటిక్ చాలు. రోజూ పేజీలకు పేజీలు కొట్టేవాళ్లు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడమే మంచిది. రోజుకి అరగంట చొప్పున రెండు మూడు వారాలు కూర్చుంటే వేళ్లు వాటంతటవే వెళ్తాయి. అక్కడ ఊహించి మాట మార్చే యంత్రం ఉండదు, కొట్టింది కొట్టినట్టే పడుతుంది.

ఆఫీసు కంప్యూటర్‌లోనో, నెట్ సెంటర్‌లోనో సెట్టింగ్స్ ముట్టుకోనివ్వకపోతే లేఖిని సైట్ ఉంది. పై గడిలో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే కింద తెలుగు వస్తుంది, కాపీ చేసుకోవచ్చు. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ కూడా బ్రౌజర్‌లో దొరుకుతుంది. దాని విండోస్ ప్రోగ్రామ్‌ని మాత్రం గూగుల్ ఎప్పుడో ఆపేసింది. ఎక్కడో సైట్లలో ఇంకా దొరుకుతున్న ఆ ఇన్‌స్టాలర్ జోలికి పోవద్దు, దాంతోపాటు ఇంకేం వస్తుందో చెప్పలేం.

చెయ్యి తిరగాలంటే

తెరమీద ఒకే అక్షరంలా కనిపించేది లోపల చాలా ముక్కలు. స్త్రీ అనే మాటలో ఆరు ఉన్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. బ్యాక్‌స్పేస్ నొక్కితే సాధారణంగా చివరి ముక్క ఒక్కటే పోతుంది, ముందు దీర్ఘం పోయి స్త్ర మిగులుతుంది. డిలీట్ నొక్కితే మాత్రం అక్షరం మొత్తం ఎగిరిపోతుంది. అంటే గుణింతం తప్పితే మాట మొత్తం చెరిపి మళ్లీ కొట్టక్కర్లేదు, అక్షరం వెనక కర్సర్ పెట్టి ఒక్క బ్యాక్‌స్పేస్ చాలు. ఎస్సెమ్మెస్ లెక్క కూడా ఈ ముక్కల మీదే నడుస్తుంది. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే మెసేజ్‌లో తెలుగు 70 ముక్కలే పడుతుంది, స్త్రీ ఒక్కటే ఆరు తినేస్తుంది.

ఇక ఇంగ్లిష్ మాటలు తెలుగులో రాసేటప్పుడు పొల్లు గోల. సాఫ్ట్, వేర్ కలిపి కొడితే సాఫ్ట్వేర్ అని ట కింద వ ఒత్తు పడుతుంది. కావలసింది సాఫ్ట్‌వేర్. రెండింటి మధ్య ఖాళీ వదిలితే మాట రెండు ముక్కలై, పంక్తి చివర విరిగిపోతుంది. ఇక్కడ పెట్టాల్సింది కంటికి కనిపించని ఒక గుర్తు. అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. లేఖినిలో అయితే 6 అంకె మీదుండే టోపీ గుర్తు కొడితే అదే పడుతుంది. వర్డ్‌లో పొల్లు తర్వాత కీబోర్డుని ఇంగ్లిష్‌కి మార్చి 200సి అని ఇంగ్లిష్ సి తోనే కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ సంఖ్య మాయమై గుర్తు పడుతుంది. మీరు తరచూ వాడే పది మాటలు ఒకసారి సరిగ్గా కొట్టి ఒక ఫైల్‌లో దాచుకుంటే, అక్కడి నుంచి కాపీ చేసుకోవడం అన్నిటికన్నా తేలిక.

ఇంకో మోసగాడు తెలుగు అంకెల సున్నా. ం అనే పూర్ణానుస్వారమూ ౦ అనే అంకె సున్నా చాలా ఫాంట్లలో కవలపిల్లల్లా ఉంటాయి. స్కాన్ చేసి తీసిన పాఠంలో ఒకదాని బదులు ఒకటి పడడం మామూలే. కంటికి మాట సరిగ్గానే ఉంటుంది, వెతికితే దొరకదు. కళ్లెదుట ఉన్న పేరు కంట్రోల్, ఎఫ్ కొట్టినా దొరకలేదంటే ముందు ఈ సున్నానే అనుమానించండి.

ఫాంట్లు, వర్డ్

విండోస్ 8 నుంచీ తెలుగుకి నిర్మలా యూఐ వస్తోంది. చదవడానికి బాగుంటుంది, అచ్చులో కొంచెం యంత్రంలా ఉంటుంది. పాత ఫైళ్లలో ఉండే గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి అందరికీ రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి చేర్చుకుంటే వస్తాయి. అచ్చు పని ఉంటే గూగుల్ ఫాంట్స్ నుంచి ఉచితంగా తెచ్చుకోండి. ఉత్తరాలకి మండలి, నోటో సెరిఫ్ తెలుగు బాగుంటాయి. రామభద్ర బొద్దుగా ఉంటుంది కాబట్టి శీర్షికలకి తప్ప పనికిరాదు. జిప్ విప్పి, ఫాంటు ఫైల్ మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కాక, తెరిచి ఉన్న వర్డ్‌ని మూసి మళ్లీ తెరవండి. అప్పుడే జాబితాలో కనిపిస్తుంది.

వర్డ్‌లో సైజు మార్చినా ఇంగ్లిష్ ఒక్కటే మారి తెలుగు అలాగే ఉండిపోతే అది బగ్ కాదు. వర్డ్ తెలుగుని కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద లెక్కగట్టి దాని ఫాంటు, సైజు వేరేగా దాచుకుంటుంది. మాటలు ఎంచుకుని కంట్రోల్, డి నొక్కితే వచ్చే పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే భాగం ఉంటుంది, అక్కడ మార్చండి.

ఒత్తుల అడుగు కోసేసినట్టు కనిపిస్తే పేరాగ్రాఫ్ పెట్టెలో లైన్ స్పేసింగ్ చూడండి. ఎగ్జాక్ట్‌లీ అని ఉంటే గుడి పైనా, ఒత్తు కిందా తెగిపోతాయి. మల్టిపుల్ పెట్టి 1.15 ఇవ్వండి.

అక్షరాలు చెడిపోతే: చూపుతోనే రోగం పట్టడం

చెడిపోయిన తెలుగు నాలుగు రూపాల్లో కనిపిస్తుంది, ఒక్కోదాని మందు ఒక్కోటి.

ఖాళీ డబ్బాలు వరసగా ఉంటే పాఠం క్షేమం. ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదు, అంతే. ఫాంటు పెడితే అక్షరాలు వచ్చేస్తాయి.

నెత్తిన వాలు గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఎ, దాని పక్కనే డిగ్రీ సున్నా, మళ్లీ మళ్లీ అదే జంట కనిపిస్తే పాఠం యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాల్ని ఫైల్‌లో దాచే పద్ధతి) ఉంది, తెరిచిన ప్రోగ్రామ్ దాన్ని వేరేలా చదువుతోంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే, అందుకే ఆ గీత ఎ పదేపదే వస్తుంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ఎక్కువగా ఇలా అవుతుంది. ఆ ఫైల్ సేవ్ చేయకుండా మూసేయండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటాలో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. మీరే సీఎస్‌వీ చేసి పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనేదే వాడండి.

వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే కష్టమే. ఎవరో ఆ ఫైల్‌ని ఆన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేశారు. దానిలో తెలుగుకి చోటు లేదు కాబట్టి ప్రతి అక్షరం నిజంగానే ప్రశ్నార్థకంగా మారిపోయింది. ఏ ఫాంటూ, ఏ కన్వర్టరూ తిరిగి తేలేవు. పాత కాపీ ఉందేమో వెతుక్కోవడమే. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవడం మరిచిపోకూడదన్నది ఇందుకే. కొత్త నోట్‌ప్యాడ్ తనంతట తానే అది చేస్తుంది.

నాలుగోది, డీటీపీ సెంటర్ నుంచి వచ్చే ఫైల్. ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, టోపీలు పెట్టుకున్న అచ్చులు కలగాపులగంగా ఉంటాయి. ఇవి అను లాంటి పాత ఫాంట్లతో కొట్టినవి. అక్కడ లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల చోట్లలో తెలుగు బొమ్మలు పెట్టారు. అదే ఫాంటు ఉంటే బొమ్మ కనిపిస్తుంది, లేకపోతే గందరగోళం. ఇలాంటివాటికి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. వాటిలో వేసేముందు ఆ ఫైల్‌లోని ఇంగ్లిష్ మాటలు, ఫోన్ నంబర్లు పక్కన రాసి పెట్టుకోండి. కన్వర్టర్ వాటినీ తెలుగే అనుకుని మార్చేయవచ్చు. మార్చాక ఒత్తులు, అంకెలు అసలు ప్రింటుతో పోల్చి చూడండి. ఆధార్ నంబర్లు, పట్టా నంబర్లు ఉన్న కాగితమైతే అసలు ఫైల్ చెరపకండి.

పంపడం, అచ్చు

మీరు కొట్టిన వర్డ్ ఫైల్ అలాగే పంపితే అవతలి కంప్యూటర్‌లో మండలి ఫాంటు ఉండకపోవచ్చు. అప్పుడు వేరే ఫాంటు పడి పేజీలు జరుగుతాయి, ఒక పేజీ ఉత్తరం ఒకటిన్నర అవుతుంది. అచ్చుకి ఎప్పుడూ పీడీఎఫ్ పంపండి: ఫైల్, సేవ్ యాజ్, కింద రకం దగ్గర పీడీఎఫ్. ఫాంటు దానిలోనే వెళ్తుంది. అవతలివాళ్లు దిద్దాల్సి ఉంటే మాత్రం వర్డ్ ఆప్షన్స్‌లో సేవ్ కింద ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్ టిక్కు పెట్టి పంపండి. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు తారుమారవడం మామూలే కాబట్టి మూల ఫైల్ మీ దగ్గర ఉంచుకోవాలి.

ఫైల్ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు పేరు మీ కంప్యూటర్‌లో చక్కగానే ఉంటుంది, కానీ దరఖాస్తులు తీసుకునే కొన్ని సైట్లు అలాంటి ఫైల్‌ని తిప్పికొడతాయి, అదీ కారణం చెప్పకుండా.